అన్ని ఋతువుల టైరు: విశాఖపట్టణపు రోడ్లకు ఏది తగును?

మోటారు కారులో వేలకొలది భాగములున్నను, రోడ్డును తాకునవి నాలుగు టైర్లు మాత్రమే. అవియైనను పూర్తిగా తాకవు. 1200 కిలోగ్రాముల బరువుగల ఒక సెడాను కారును తీసికొందము. ఒక్కొక్క టైరుపై సుమారు 300 కిలోగ్రాముల బరువు పడును. టైరులోని గాలి పీడనము చదరపు అంగుళమునకు 33 పౌనులు, అనగా చదరపు సెంటీమీటరునకు సుమారు 2.3 కిలోగ్రాములు. 300ను 2.3 చేత భాగించినచో 130 వచ్చును. అనగా ఒక్కొక్క టైరు 130 చదరపు సెంటీమీటర్ల మేర మాత్రమే రోడ్డుపై ఆనుచున్నది. ఇది వ్రేళ్ళతోసహా పరచిన పెద్దవారి అరచేయి కంటె పెద్దది కాదు. కారు కదలుటకు, మలుపు తిరుగుటకు, ఆపదలో ఆగుటకు ఈ నాలుగు అరచేతుల రబ్బరే ఆధారము.

కావున అరిగిన టైర్లను మార్చవలసి వచ్చినపుడు, ఏ టైరు కొనవలెను అను ప్రశ్న ధరకు మాత్రమే సంబంధించినది కాదు. అది ప్రాణరక్షణకు సంబంధించిన ప్రశ్న. కర్మాగారమునుండి వచ్చిన తీరుననే, ఏ మార్పులును చేయకుండ వాడుకొను సాధారణమైన కారుకు తగిన టైరును ఎట్లు ఎన్నుకొనవలెనో విచారింతము.

పనిని బట్టి టైరు

విశాఖపట్టణమునకు సమీపమున అచ్యుతాపురములో 2022లో ఒక టైర్ల కర్మాగారము ప్రారంభమైనది. అందు పొలములలోను, గనులలోను, నిర్మాణస్థలములలోను పనిచేయు యంత్రములకు కావలసిన టైర్లు తయారగుచున్నవి. ట్రాక్టరు టైరుపై లోతైన గాళ్ళు, వాని నడుమ ఎత్తైన రబ్బరు గట్లు ఉండును. అవి దమ్ముచేసిన మడిలో పట్టు దొరకించుకొనుటకు ఏర్పడినవి. అదే టైరును తారురోడ్డుపై పరుగెత్తించినచో అదరుచు, మ్రోగుచు, త్వరగా అరిగిపోవును. పని మారినచో టైరు మారవలెను. అట్లే దేశము మారినను, వాతావరణము మారినను టైరు మారవలెను.

"ఆల్ సీజన్" లేక అన్ని ఋతువుల టైరు అను పేరు శీతలదేశములలో పుట్టినది. అచ్చట ఒక సంవత్సరములోనే మంచు కురియు కాలమును, ఎండకాలమును వచ్చును. రబ్బరు చల్లబడిన కొలది బిరుసెక్కును. మిక్కిలి చల్లబడినచో గాజువలె పెళుసగును. వేసవికై చేసిన రబ్బరు సుమారు 7 సెంటిగ్రేడు డిగ్రీలకు దిగువన బిగిసి, రోడ్డును సరిగా పట్టుకొనజాలదు. అందుచేత అచ్చటివారు చలికాలమునకు మెత్తని రబ్బరుతో వేరు టైర్లు వాడుదురు. సంవత్సరమునకు రెండుసార్లు టైర్లు మార్చు శ్రమ లేకుండ, రెంటికిని మధ్యేమార్గముగా చేసినదే ఆల్ సీజన్ టైరు. దాని ప్రక్కగోడపై బురదను, మంచును సూచించు "ఎమ్ ప్లస్ ఎస్" అను అక్షరములుండును. మంచు పరీక్షలో నెగ్గిన టైరుపై మూడు శిఖరముల కొండయు, దాని నడుమ మంచురేకయు ముద్రింపబడును.

విశాఖపట్టణపు ఋతువులు వేరు. ఏప్రిలు నుండి జూను వరకు ఎండలు. పిమ్మట నైఋతి ఋతుపవనము. అక్టోబరు, నవంబరులలో బంగాళాఖాతపు తుఫానులు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరము దాటినది ఈ నగరము వద్దనే. సంవత్సరములో కురియు వర్షమంతయు నిలిచినచో సుమారు ఒక మీటరు లోతు ఉండును. చలికాలపు రాత్రులందైనను నగరములో 7 డిగ్రీలకు దిగదు. లంబసింగి వంటి మన్యపు గ్రామములలో శీతకాలపు తెల్లవారుజామున ఉష్ణోగ్రత సున్నకు సమీపించుట కలదు. కాని ఆ చలి కొన్ని గంటలది మాత్రమే. రోడ్డుపై మంచు పేరుకొనదు.

అందుచేత ఇచ్చట మంచుటైరు మెత్తదనమునకు పనిలేదు. మే నెల మధ్యాహ్నము కాలిన తారుపై ఆ మెత్తని రబ్బరు నలిగి త్వరగా అరుగును. విశాఖవాసికి అన్ని ఋతువుల టైరు అనగా ఎండకు ఓర్చునది, వానలో జారనిది. ఈ రెండు గుణములే ఎన్నికకు గీటురాళ్ళు.

వానలో టైరు

పొడిరోడ్డుపై కొత్త టైరు, అరిగిన టైరు ఇంచుమించు ఒకే తీరుగా ఆగును. భేదము వానలో బయటపడును. గంటకు 72 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు 20 మీటర్లు. బ్రేకు వేసిన పిమ్మట ఆగు దూరమును, వేగపు వర్గమును ఘర్షణ గుణకము, గురుత్వ త్వరణములకు రెట్టింపు చేత భాగించి తెలిసికొనవచ్చును. ఘర్షణ గుణకము పొడిరోడ్డుపై 0.8 అనుకొన్నచో ఆగు దూరము 25 మీటర్లు. తడిరోడ్డుపై మంచి టైరుకు 0.5 అనుకొన్నచో 41 మీటర్లు. అదే తడిరోడ్డుపై అరిగిన టైరుకు 0.3 అనుకొన్నచో 68 మీటర్లు. బ్రేకు తొక్కుటకు పట్టు ఒక సెకను కాలములో నడచు 20 మీటర్లు వీనికి అదనము.

ఈ అంకెల యందలి భావమును మరియొక విధముగ చూడవచ్చును. రెండు కార్లు ప్రక్కప్రక్కన వచ్చుచు ఒకేచోట బ్రేకు వేసినవి. మంచి టైర్ల కారు పూర్తిగా ఆగిన తావున, అరిగిన టైర్ల కారు ఇంకను గంటకు 45 కిలోమీటర్ల వేగముతో పోవుచుండును. ఆ తావున రోడ్డు దాటుచున్న బాలుడున్నచో ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు.

టైరుపై గాళ్ళు అందము కొరకు చెక్కినవి కావు, అవి నీటికాలువలు. రోడ్డుపై 3 మిల్లీమీటర్ల నీరున్నదనుకొందము. 15 సెంటీమీటర్ల వెడల్పున ఆనుచు సెకనుకు 20 మీటర్లు పోవు టైరు, ప్రతి సెకనును 9 లీటర్ల నీటిని తొలగింపవలెను. తొలగింపలేనిచో నీరు టైరుక్రింద ఆప్పువలె దూరి దానిని పైకెత్తును. అప్పుడు చుక్కాని త్రిప్పినను, బ్రేకు వేసినను కారు వినదు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పరిశోధకులు విమానముల చక్రములపై చేసిన పరీక్షల ఫలితములను 1963లో ప్రకటించుచు, ఈ తేలుడు ప్రారంభమగు వేగము టైరు పీడనపు వర్గమూలమును అనుసరించునని చూపిరి. ఆ సూత్రము ప్రకారము గాళ్ళు పూర్తిగా అరిగిన టైరు 33 పౌనుల పీడనమున గంటకు సుమారు 96 కిలోమీటర్ల వేగమునను, 25 పౌనుల పీడనమున 83 కిలోమీటర్ల వేగముననే నీటిపై తేలును. గాలి తగ్గిన టైరు వానలో ఏల అపాయకరమో దీనివలన తెలియుచున్నది.

కొత్త కారు టైరు గాడి లోతు సాధారణముగా 7, 8 మిల్లీమీటర్లుండును. 1989 కేంద్ర మోటారు వాహనముల నియమముల ప్రకారము కార్లకు ఇది 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదు. గాడి అడుగున అక్కడక్కడ చిన్న రబ్బరు మెట్లు కలవు. పైభాగము అరిగి వానితో సమానమైనచో ఆ హద్దు వచ్చినదని గుర్తు. కాని ఆ హద్దు వరకు వేచియుండుట తెలివి కాదు. వానలో పట్టు అంతకు ముందే క్షీణించును. 3 మిల్లీమీటర్లు మిగిలినపుడే, వర్షాకాలము రాకముందే, మార్చుట మేలు.

విశాఖలో మరియొక విశేషమున్నది. 1933లో తెరవబడిన ఓడరేవునకు, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారమునకు సరకులు మోయు భారీ లారీలు ఇచ్చటి రోడ్లపై నిత్యము తిరుగుచుండును. ఎండకాలమున రోడ్డుపై పేరుకొన్న ధూళియు, నూనెచుక్కలును తొలకరి మొదటి జల్లుతో కలిసి జారు పూతగా మారును. పెద్దవాన అయినచో దానిని కడిగివేయును, చిరుజల్లు కడుగదు. మొదటి జల్లుననే ఎక్కువ జాగ్రత్త వలయును.

ఎండలో టైరు

రోడ్డును తాకిన చోట టైరు నొక్కుకొని, మరల నిలుచును. గంటకు 72 కిలోమీటర్ల వేగమున ఇట్లు సెకనుకు పదిసార్లు జరుగును. నొక్కినపుడు గ్రహించిన శక్తినంతయు రబ్బరు తిరిగి ఈయదు. కొంత ఉష్ణముగా మారును. గాలి తక్కువైనచో నొక్కుడు పెరుగును, ఉష్ణమును పెరుగును. పై ఎండ, క్రింది తారు, అధికమైన బరువు తోడైనచో లోపలి పొరలు విడివడి టైరు ప్రేలును. వేసవిలో రహదారిపై ప్రేలు టైర్లలో అనేకము గాలి ఎక్కువై కాక, తక్కువై ప్రేలునవే.

"ఎండకు గాలి వ్యాకోచించును గదా, కొంచెము తక్కువ పట్టించుట మంచిది" అని కొందరందురు. లెక్కించి చూతము. 30 డిగ్రీల వద్ద 33 పౌనులు పట్టించినాము. వాతావరణ పీడనము 15 పౌనులు కలిపినచో నిరపేక్ష పీడనము 48. లోపలి గాలి 60 డిగ్రీలకు వేడెక్కినచో, 48ని 333చే గుణించి 303చే భాగింపగా సుమారు 53 వచ్చును. 15 తీసివేసినచో 38. ఈ ఐదు పౌనుల పెరుగుదలను టైరు నిర్మాత ముందే లెక్కించియున్నాడు. కావున వేడి టైరునుండి గాలి తీయరాదు; ఉదయము చల్లగా ఉన్నపుడే కొలువవలెను. కొలతకు ప్రమాణము డ్రైవరు తలుపు చట్రమున అంటించిన చీటియే. టైరుపై ముద్రించిన పీడనము గరిష్ఠపు హద్దు మాత్రమే.

శక్తిని ఎక్కువగా గ్రహించు రబ్బరు రోడ్డును గట్టిగా పట్టును, కాని ఎక్కువ వేడెక్కి పెట్రోలు ఎక్కువ త్రాగును. ఈ ఇరకాటమును రసాయనశాస్త్రము కొంతవరకు తీర్చినది. దొర్లునపుడు రబ్బరు కంపనములు సెకనుకు పది మాత్రమే. జారునపుడు రోడ్డు గరుకుదనమువలన వేలు, లక్షలు. కర్బనపు మసికి బదులు సిలికాను కలిపిన రబ్బరు మొదటివానిలో తక్కువ, రెండవవానిలో ఎక్కువ శక్తిని గ్రహించును. 1990లనుండి ఇట్టి టైర్లు వ్యాప్తిలోనికి వచ్చినవి. అంగడిలో "తడి పట్టు బాగున్న టైరు" అని అడుగుటకు ఇదియే ఆధారము.

ప్రక్కగోడపై వ్రాత

టైరు జాతకము దాని ప్రక్కగోడపైననే ఉండును. ఉదాహరణకు "185/65 ఆర్ 15 88 హెచ్". టైరు వెడల్పు 185 మిల్లీమీటర్లు. ప్రక్కగోడ ఎత్తు వెడల్పులో నూటికి 65 వంతులు. ఆర్ అనగా రేడియల్, అనగా లోపలి దారములు అంచునుండి అంచునకు అడ్డముగా సాగినవి. 15 అనగా చక్రపు వ్యాసము అంగుళములలో. 88 అనునది బరువు సూచిక. దానికి 560 కిలోగ్రాములని అర్థము. హెచ్ అనగా గంటకు 210 కిలోమీటర్ల వరకు ఓర్చునని అర్థము. అంత వేగముగా నడుపుమని కాదు. ఉష్ణమును తాళు శక్తికి అదియొక కొలత. బరువు సూచిక, వేగపు అక్షరము కారు నిర్మాత చెప్పినవానికి తక్కువ కారాదు.

వెడల్పైన టైరు వేసినచో పట్టు పెరుగునను భ్రమ కలదు. పై టైరు వ్యాసము 621.5 మిల్లీమీటర్లు. దానికి బదులు 205/65 ఆర్ 15 వేసినచో వ్యాసము 647.5 అగును, అనగా నూటికి 4 వంతులు ఎక్కువ. వేగమాపకము 80 చూపునపుడు కారు 83 కిలోమీటర్ల వేగమున పోవుచుండును. చుక్కాని త్రిప్పినపుడు టైరు లోపలి అంచునకు రాపిడి కలుగవచ్చును. పీడనము మారనిచో ఆను వైశాల్యమును అంతగా పెరుగదు. దాని ఆకారము మాత్రము మారును. మార్పులులేని కారుకు నిర్మాత నిర్ణయించిన కొలతయే తగినది.

భారత ప్రమాణముల సంస్థ వారి ఐ.ఎస్. 15633 ముద్ర ఉన్నదో లేదో చూడవలెను. పిమ్మట నాలుగంకెల తేదీని చదువవలెను. 2224 అనగా 2024వ సంవత్సరపు 22వ వారమున తయారైనది. రబ్బరు అణువులలోని జంట బంధములను గాలిలోని ఓజోను త్రెంచును. ప్రక్కగోడపై సన్నని బీటలు పుట్టును. టైరు తిరుగుచున్నపుడు లోపలి మైనము పైకి వచ్చి కాపాడును; నెలలతరబడి నిలిపియుంచిన కారుకు ఆ రక్షణ తగ్గును. సముద్రపు ఉప్పుగాలి ఇనుపచక్రపు అంచును త్రుప్పుపట్టించుటచే అచ్చట గాలి కారును. ఐదేండ్లు దాటిన టైరును ఏటేట పరీక్ష చేయించవలెను. గాళ్ళు లోతుగానే ఉన్నను పదియేండ్లు దాటినచో తీసివేయవలెను.

రెండు టైర్లే కొనగలిగినచో కొత్తవానిని వెనుకచక్రములకు వేయవలెను. ముందుచక్రములు జారినచో కారు తిన్నగా పోవ యత్నించును. వేగము తగ్గించినచో మరల దారికి వచ్చును. వెనుకచక్రములు జారినచో కారు బొంగరమువలె తిరుగును. అనంతగిరి ఘాటువంటి మలుపులలో దానిని అదుపుచేయుట నేర్పరికిని కష్టమే.

పాఠశాలలో ఒక చిన్న ప్రయోగము చేయవచ్చును. ఉపాధ్యాయుడు చదునైన నేలపై నిలిపిన కారు చక్రమును జాకీతో ఎత్తించి, దాని క్రింద గ్రాఫు కాగితము, దానిపై కార్బను కాగితము పరచి, మెల్లగా దింపింపవలెను. మరల ఎత్తి, పడిన ముద్రలోని గడులను విద్యార్థులచే లెక్కింపచేసి, ఆ వైశాల్యమును టైరు పీడనముతో గుణింపచేయవలెను. వచ్చిన ఫలము ఆ చక్రముపై పడు బరువునకు దగ్గరగా ఉండును. పూర్తిగా సరిపోదు, ప్రక్కగోడల బిరుసుదనము కొంత బరువును మోయును, గాళ్ళు కాగితమును తాకవు. పిమ్మట పది పౌనుల గాలి తీసి మరల ముద్ర తీసినచో అది పొడవగును. టైరు ఎంతగా నలుగుచున్నదో ఆ ముద్రయే చూపును. ప్రయోగము ముగియగానే గాలిని చీటీలోని కొలతకు పట్టించుట మరువరాదు.