పాత కెమెరా పరీక్ష

కొనబోయే వస్తువును పరీక్షించడం మన పూర్వులకు ఒక శాస్త్రం. మణులు కొనేవారి కోసం రత్నపరీక్షా గ్రంథాలు, గుర్రాలు కొనేవారి కోసం అశ్వలక్షణ గ్రంథాలు వెలిశాయి. గుర్రం సుడులు చూసి, పళ్ళు లెక్కించి, నడక గమనించిన తరువాతనే ధర మాట వచ్చేది. వాడిన యంత్రాలను కొనే నేటివారికి అటువంటి శాస్త్రం లేదు. అమ్మేవాని మాటే ప్రమాణమవుతున్నది. తక్కువ వెలకు లభించే పాత ఆటోఫోకస్ ఫిల్మ్ కెమెరా విషయంలో ఈ లోటు మరింత బాధిస్తుంది. అందులోని దోషం కొన్ననాడు బయటపడదు. రీలు మొత్తం వాడి, కడిగించి, నెగటివులను వెలుగుకు ఎత్తి చూసినప్పుడే తెలుస్తుంది. అప్పటికి కెమెరా సొమ్ముతోపాటు రీలు సొమ్ము కూడా పోయి ఉంటుంది. తాతగారి షష్టిపూర్తి వంటి సందర్భమైతే దానిని తిరిగి రప్పించడం ఎవరి తరమూ కాదు.

సెల్‌ఫోనులోనే కెమెరా ఉన్న ఈ కాలంలో ఫిల్మ్ కెమెరా దేనికని కొందరు ప్రశ్నిస్తారు. ఒక రీలులో ఉండేవి 36 చట్రాలే. ఆ పరిమితి వల్లనే మీట నొక్కేముందు చూడడం అలవడుతుందని ఛాయాచిత్రకళ నేర్చేవారు భావిస్తారు. ఆ ఆసక్తి వల్ల ఫిల్మ్‌కు మళ్ళీ ఆదరణ ఏర్పడింది. 2024లో పెంటాక్స్ 17 అనే కొత్త ఫిల్మ్ కెమెరా వచ్చింది గాని, దానిలో దూరాన్ని చేతితో అమర్చుకోవాలి. అదే సంవత్సరం వచ్చిన రోలై 35 ఏఎఫ్‌కు ఆటోఫోకస్ ఉన్నా దాని వెల విద్యార్థికి అందేది కాదు. ఇక పేరుమోసిన పెద్ద కెమెరాల విషయానికి వస్తే, కెనాన్ ఈఓఎస్-1వి అమ్మకం 2018లోను, నికాన్ ఎఫ్6 ఉత్పత్తి 2020లోను ముగిశాయి. కాబట్టి కొద్ది సొమ్ముతో ఆటోఫోకస్ కావాలనుకునేవారికి వాడిన కెమెరాయే గతి.

ఆటోఫోకస్ అంటే వస్తువు ఎంత దూరంలో ఉన్నదో కెమెరా తానే కనిపెట్టి, అందుకు తగినట్లు లెన్స్‌ను జరుపుకోవడం. ఈ ఏర్పాటుతో విస్తృతంగా అమ్ముడుపోయిన తొలి కెమెరా 1977లో జపాను నుండి వచ్చిన కోనికా సి35 ఏఎఫ్. అమెరికాకు చెందిన హనీవెల్ సంస్థ రూపొందించిన పరికరం అందులో ఉండేది. రెండు చిన్న కిటికీల గుండా వచ్చిన ప్రతిబింబాలను పోల్చి, అవి కలిసినచోట దూరాన్ని నిర్ణయించడం దాని పద్ధతి. మన రెండు కళ్ళు చేసే పని కూడా దాదాపు ఇటువంటిదే. 1979లో కెనాన్ ఏఎఫ్35ఎం మరో మార్గం తొక్కింది. ఒక కిటికీ నుండి కంటికి కనిపించని పరారుణ కిరణాన్ని పంపి, అది వస్తువుకు తగిలి తిరిగివచ్చే కోణాన్ని బట్టి దూరం గ్రహించింది. చీకటిలో సైతం పనిచేయడం దాని సుగుణం. అయితే కిటికీ అద్దం వెనుక నుండి బయటి దృశ్యాన్ని తీయబోతే అద్దమే అడ్డుపడి అది మోసపోవచ్చు. ఇందుకోసమే తరువాతి కెమెరాలు కొన్నింటికి కొండ బొమ్మ గల చిన్న మీటను అమర్చారు. దానిని నొక్కితే లెన్స్ నేరుగా దూరదృశ్యానికి సిద్ధమవుతుంది.

అసలైన మలుపు 1985లో వచ్చిన మినోల్టా 7000. లెన్స్ మార్చుకోగల ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలో, శరీరంలోనే ఫోకస్ యంత్రాంగాన్ని, మోటారును ఇమిడ్చి అది విజయం సాధించింది. లెన్స్ రెండు పార్శ్వాల నుండి వచ్చే వెలుగును వేరుచేసి, ఆ రెండు ప్రతిబింబాల మధ్య ఎడాన్ని కొలిచి, లెన్స్ ముందుకు జరగాలో వెనుకకు జరగాలో, ఎంత జరగాలో కూడా ఒకేసారి తెలుసుకోవడం దీని ప్రత్యేకత. ఈ విజయానికి మినోల్టా మూల్యం చెల్లించవలసి వచ్చింది. తమ పేటెంటు హక్కులకు భంగం కలిగిందని హనీవెల్ అమెరికాలో దావా వేయగా, 1992లో మినోల్టా పన్నెండు కోట్ల డాలర్లకు పైగా ముట్టజెప్పి రాజీపడింది. అంతకు ముందే, 1987లో, కెనాన్ ఈఓఎస్ 650తో తన పాత లెన్స్ అమరికను పూర్తిగా విడిచిపెట్టి, ప్రతి లెన్స్‌లోనూ విడిగా మోటారు ఉంచే విధానాన్ని చేపట్టింది. పాత లెన్సులు కొన్నవారు ఆగ్రహించారు. అయితే నేటి విద్యార్థికి లాభించింది ఆ నిర్ణయమే. ఆ సంగతి ముందు తెలుస్తుంది.

అంగడిలో ఆటోఫోకస్ పేరిట అమ్మే వస్తువులన్నీ ఆటోఫోకస్ కావు. “ఫోకస్ ఫ్రీ” అని ముఖాన రాసి ఉన్న తేలికపాటి ప్లాస్టిక్ కెమెరాలు మన ఇళ్ళ బీరువాలలో ఇప్పటికీ కనిపిస్తాయి. వాటిలో లెన్స్ కదలదు. చిన్న రంధ్రం గుండా వెలుగును పంపడం వల్ల కొన్ని అడుగుల అవతల ఉన్నవన్నీ ఓ మోస్తరు స్పష్టంగా పడతాయి, అంతే. కొడాక్ కేబీ10 ఇటువంటిదే. దానిని అవహేళన చేయనక్కర లేదు. ఎన్నో కుటుంబాల జ్ఞాపకాలను నిలిపిన కెమెరా అది. ఆటోఫోకస్ వెల పెట్టి మాత్రం దానిని కొనకూడదు.

రెండవ తెగ జేబులో పట్టే చిన్న కెమెరాలది. ఒలింపస్ ఎంజూ-2, కాంటాక్స్ టి2 వంటివి వీటిలో పేరెన్నికగన్నవి. ప్రసిద్ధులు వాటిని చేతబట్టి కనిపించడంతో ధరలు విపరీతంగా పెరిగాయి. చిక్కు ఏమంటే, వీటి అంతర్భాగమంతా సన్నని విద్యుత్ పట్టీలు, సూక్ష్మమైన ప్లాస్టిక్ చక్రాలే. మీట నొక్కగానే లెన్స్ గొట్టం బయటికి వచ్చేవాటిలో ఏళ్ళ తరబడి మడతపడి ఆ పట్టీలు చిట్లుతాయి. విడిభాగాలు తయారవడం లేదు గనుక బాగుచేయగలవారూ అరుదు. పైగా ఇటువంటి కెమెరాలో చూపురంధ్రం వేరు, లెన్స్ వేరు. ఫోకస్ కుదిరిందో లేదో కంటితో చూసే వీలు లేదు. అలంకారం కోసం కొనేవారి సంగతి వేరు. కొద్ది సొమ్ముతో పని నేర్వదలచినవారు వీటి జోలికి పోకపోవడమే మంచిది.

వివేకి చూపు నిలపవలసింది ఎవరూ అంతగా మెచ్చుకోని మూడవ తెగపైన. ఫిల్మ్ యుగం చివరి దశలో, అంటే 1990ల చివర, 2000ల తొలినాళ్ళలో వచ్చిన సామాన్యమైన ప్లాస్టిక్ ఎస్‌ఎల్‌ఆర్‌లివి. 1999 నాటి కెనాన్ ఈఓఎస్ 300, 2000 నాటి నికాన్ ఎఫ్80 ఈ కోవలోనివి. లోహపు మెరుపు లేకపోవడం వల్ల సేకరణకర్తలు వీటిని పట్టించుకోరు. అందువల్లనే వెల తక్కువ. కానీ అప్పటికి ఆటోఫోకస్ విద్య పరిణతి చెందింది. వెలుగును కొలిచే శక్తి కూడా పెరిగింది. ఈఓఎస్ 300లో ఒక చక్కని ఏర్పాటు ఉన్నది. రీలు వేయగానే ఫిల్మ్ మొత్తాన్ని ముందే బయటికి లాగి, తీసిన ప్రతి చట్రాన్ని తిరిగి డబ్బాలోకి చేర్చుకుంటుంది. పొరపాటున వెనుక తలుపు తెరుచుకున్నా అప్పటివరకు తీసిన బొమ్మలు చాలావరకు దక్కుతాయి.

ఏ సంస్థ కెమెరా కొనాలన్న ప్రశ్నకు సమాధానం తరచు ఇంట్లోనే ఉంటుంది. అన్నయ్య దగ్గరో మేనమామ దగ్గరో డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్ ఉంటే, దాని లెన్స్ ఏదో ముందుగా చూడాలి. కెనాన్ 1987లో మొదలుపెట్టిన ఈఎఫ్ తరగతి లెన్స్ ఏదైనా ఈఓఎస్ ఫిల్మ్ కెమెరాకు అమరుతుంది. 2015లో వచ్చిన చవకైన 50 మి.మీ. లెన్స్ కూడా 1987 నాటి శరీరంపై పనిచేస్తుంది. పాతవారి కోపానికి కారణమైన ఆ మార్పు ఇలా ఫలించింది. అయితే చిన్న సెన్సారు గల డిజిటల్ కెమెరాల కోసం చేసిన ఈఎఫ్-ఎస్ లెన్సులు వీటికి పట్టవు. నికాన్‌లో లెన్స్ అమరిక 1959 నుండి ఒకటే అయినా లోపలి ఏర్పాట్లు తరచు మారాయి. ఎఫ్80 అయితే శరీరపు మోటారుతో తిరిగే పాత లెన్సులను, సొంత మోటారు గల ఏఎఫ్-ఎస్ లెన్సులను కూడా నడపగలదు. దానికంటే చవకైన ఎఫ్55 మాత్రం ఏఎఫ్-ఎస్ లెన్సులకు ఫోకస్ చేయలేదు. పేరు ఒకటైనంత మాత్రాన గుణం ఒకటి కాదు. మినోల్టా వారసత్వ సంస్థ 2006లో కెమెరాల రంగం నుండి తప్పుకున్నది. దాని లెన్సులు మంచివి, చవకైనవి కూడా.

ఇక పరీక్ష. దుకాణానికి వెళ్ళేవారు కొత్త బ్యాటరీలు, చిన్న టార్చిలైటు వెంట తీసుకువెళ్ళాలి. “బ్యాటరీ లేదు గాని, బ్రహ్మాండంగా పనిచేస్తుంది” అన్న మాట ఈ వ్యాపారంలో బహు ప్రాచీనమైనది. బ్యాటరీ లేనిదే ఈ కెమెరాలలో ఏ భాగమూ కదలదు కనుక ఆ మాటకు విలువ లేదు. ఈఓఎస్ 300కు సీఆర్2 రకం రెండు, ఎఫ్80కి సీఆర్123ఏ రకం రెండు కావాలి. ఇవి ప్రతి కిరాణా కొట్టులోనూ దొరికేవి కావు. బ్యాటరీ అరలో ఆకుపచ్చని చిలుము, తెల్లని పొడి కనిపిస్తే పాత బ్యాటరీ కారి లోహపు స్పర్శలను తినివేసిందని గ్రహించాలి.

తరువాత వెనుక తలుపు తెరిచి షట్టరు రెక్కలను టార్చి వెలుగులో, చేయి తాకించకుండా చూడాలి. తొలితరం ఈఓఎస్ కెమెరాలలో షట్టరు దెబ్బను కాచుకునే నురుగు ముక్క కాలక్రమంలో కరిగి, తారులాంటి జిగురుగా మారి రెక్కలకు అంటుకుంటుంది. నల్లని జిడ్డు మరక కనిపిస్తే ఆ కెమెరాను అక్కడే వదిలివేయడం మేలు. రెక్కలు అతుక్కుపోయి బొమ్మలు నల్లగా వస్తాయి. పెంటాక్స్ ఎంజడ్ వరుసలో అద్దాన్ని ఎత్తే ప్లాస్టిక్ పళ్ళచక్రం పగలడం ప్రసిద్ధమైన జబ్బు. నికాన్ ఎఫ్80 వెనుక తలుపు పూత బంకబంకగా మారుతుంది, కాని అది పైపై దోషమే. దానిని చూపి ధర తగ్గించమని అడగవచ్చు. తలుపు అంచున ఉన్న నురుగు పొడిపొడిగా రాలుతున్నా భయపడనక్కర లేదు. ఆ పని చవకగానే అవుతుంది.

లెన్స్‌కు మన వాతావరణమే శత్రువు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరపట్టణాలలో మూసిన బీరువాలో, తోలు సంచిలో ఏళ్ళ తరబడి పడి ఉన్న లెన్స్‌కు బూజు సోకుతుంది. పైనుండి చూస్తే అద్దం నిర్మలంగానే ఉంటుంది. ఒక వైపు నుండి టార్చి వేసి, మరొక వైపు నుండి ఏటవాలుగా చూసినప్పుడు సాలెగూటి పోగుల వంటి గీతలు బయటపడతాయి. వెలుగు నేరుగా పడిన బొమ్మలను అవి పాలిపోయేట్లు చేస్తాయి. కొద్దిపాటి ధూళి దోషం కాదు. లోపలి రెక్కలపై నూనె మెరిసినా, అద్దమంతా పొగపట్టినట్లున్నా ఆ లెన్స్‌ను వద్దనాలి.

ఫోకస్ పరీక్షకు తొందర పనికిరాదు. మొదట చూపురంధ్రం పక్కనున్న చక్రాన్ని తిప్పి తన కంటికి సరిపెట్టుకోవాలి. చేతికందే దూరంలోని వస్తువుపై, ఆ తరువాత వీధి చివరి బోర్డుపై మార్చి మార్చి మీటను సగం నొక్కాలి. లెన్స్ తడుముకోకుండా ఆగి, చుక్క వెలగాలి. వట్టి తెల్లగోడపై గురిపెట్టి, ఫోకస్ కుదరలేదని కెమెరాను నిందించడం తగదు. పోల్చడానికి గీత గాని మరక గాని లేనిచోట ఏ ఎస్‌ఎల్‌ఆర్ అయినా తడబడుతుంది. చివరగా తలుపు తెరిచి ఉంచి ఒక సెకను, ఆపై సెకనులో వెయ్యవ వంతు వేగంతో మీట నొక్కి, రెండింటి మధ్య తేడాను కంటితో చూడాలి. ఫ్లాష్‌ను కూడా ఒకసారి వెలిగించాలి. అది వెలగకపోతే విప్పి చూద్దామని పూనుకోవడం ప్రమాదకరం. అందులోని కెపాసిటరు సుమారు 300 వోల్టులను నిలవ ఉంచుకుంటుంది. బ్యాటరీ తీసినా అది వెంటనే పోదు.

హైదరాబాదు కోఠిలోను, ఢిల్లీ చాందినీ చౌక్ దగ్గరి కూచా చౌధరిలోను వరుసగా కెమెరా దుకాణాలున్నాయి. చేతికిచ్చి పరీక్షించనిచ్చే దుకాణదారు కొంచెం ఎక్కువ అడిగినా, ముక్కూమొగం తెలియని దూరపు అమ్మకందారుకంటే నయం. వాపసు గడువును కాగితంపై రాయించుకోవాలి.

కెమెరా వెల ఒక్కసారి ఇచ్చేది. రీలు వెల ప్రతిసారీ ఇచ్చేది. ఒకప్పుడు ఊటీలోని ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ “ఇందు” పేరుతో నలుపు తెలుపు ఫిల్మ్ తయారుచేసేది. అది మూతపడింది. ఇప్పుడు రంగుల ఫిల్మ్‌కు దిగుమతే ఆధారం. కడగడం, స్కాను చేయడం కూడా కలుపుకొంటే కొద్ది రీళ్ళలోనే ఖర్చు చవక కెమెరా వెలను మించిపోతుంది. అందువల్ల చేతిలోని సొమ్మంతా కెమెరాకే ధారపోయకుండా నాలుగైదు రీళ్ళకు సరిపడా మిగుల్చుకోవాలి. పెద్ద చుట్టల నుండి కత్తిరించి, వాడిన డబ్బాలలో నింపిన రీళ్ళు కొంత చవక. కాని వాటితో ఒక చిక్కున్నది. 1983లో కొడాక్ ప్రవేశపెట్టిన డీఎక్స్ గుర్తు, అంటే డబ్బాపై ఉండే వెండిరంగు, నలుపు గళ్ళ ద్వారా, కెమెరా ఫిల్మ్ వేగాన్ని చదువుకుంటుంది. ఆ గళ్ళు లేకపోతే చాలా కెమెరాలు దానిని 100 వేగపు ఫిల్మ్‌గానే భావిస్తాయి. లోపలి ఫిల్మ్ వేగం వేరైతే చేతితో అమర్చుకునే వీలు ఉన్నదో లేదో చూసుకోవాలి.

మొదటి రీలును పెళ్ళికో విహారయాత్రకో వాడరాదు. వాపసు గడువులోపే దానిని పరీక్ష కోసం ఖర్చుచేయాలి. గోడకు అంటించిన వార్తాపత్రికను ఎదురుగా నిలిచి తీయాలి. వరుసగా పాతిన కంచె గుంజలలో మధ్యదానిపై గురిపెట్టి తీయాలి. ఎండలో, నీడలో, దీపాల వెలుగులో తీయాలి. ఏ చట్రాన్ని ఎలా తీసిందీ చిన్న పుస్తకంలో రాసుకోవాలి. కడిగిన నెగటివులలో చట్రాల మధ్య ఎడం సమంగా లేకుండా ఒకదానిపై ఒకటి ఎక్కితే ఫిల్మ్ జరిపే యంత్రం చెడినట్లు. అంచుల నుండి ఎర్రని, నారింజరంగు చారలు బొమ్మలోకి పాకితే తలుపు నురుగు మార్చాలి. చట్రం ఒక అంచు అనేక బొమ్మలలో చీకటిగా ఉంటే షట్టరు రెక్క వెనుకబడుతున్నది. గురిపెట్టిన గుంజ మసకబారి, దాని వెనుక గుంజ ప్రతిసారీ స్పష్టంగా వస్తే ఫోకస్ యంత్రాంగం దారి తప్పింది. ఇక్కడ బేరమాడి ప్రయోజనం లేదు. గడువులోపే కెమెరాను తిరిగి అప్పగించి సొమ్ము వాపసు అడగాలి.