పరిమళముతో మెదడు పదును పడునా?

పరీక్షలు దగ్గర పడిన రోజులలో మా కళాశాల విద్యార్థి యొకడు నా గదికి వచ్చి, జేబులో నుండి వ్రేలెడు సీసా తీసి బల్లపై పెట్టినాడు. "సార్, దీని వాసన చూస్తూ చదివితే చదివినది మరచిపోమట. నిజమేనాండీ?" అని అడిగినాడు. ఆ సీసా కొనుటకు అతడు భోజనపు డబ్బులో కొంత మిగుల్చుకొన్నాడట. మూత తీసి చూచితిని. తలనొప్పి మందు డబ్బా తెరచినప్పటి ఘాటు, దానివెంట ఏదో ఆకు నలిపినట్టి వాసన. ఔననుటకు గాని, కాదనుటకు గాని నాకు వెంటనే నోరు రాలేదు. ఎందుకనగా ఆ ప్రశ్నలో నిజముగా మూడు ప్రశ్నలు ఉన్నవి. వాసన మెదడును చేరునా? చేరినచో మెదడు పనిలో మార్పు కలుగునా? ఆ మార్పు వాసన వలన కలిగినదా, లేక మన నమ్మకము వలన కలిగినదా? వీనిని ఒకదాని తరువాత ఒకటిగా పరిశీలించుదము.

పరిమళ తైలము అనగానేమి?

పేరుకు తైలమే గాని ఇది మన వంటింటి నూనె వంటిది కాదు. ఒక తెల్ల కాగితము తీసికొని, ఒక మూల నువ్వుల నూనె చుక్క, మరియొక మూల నీలగిరి తైలపు చుక్క వేయుడు. కొంతసేపటికి రెండవ మరక దాదాపు మాయమగును. మొదటిది మరునాటికి కూడ అట్లే ఉండును. నువ్వుల నూనెలోనివి బరువైన క్రొవ్వు అణువులు. నీలగిరి తైలములోనివి చిన్న అణువులు. ఇవి ద్రవమును విడిచి గాలిలోనికి సులభముగా ఎగిరిపోగలవు. ఎగురగలవు గనుకనే మన ముక్కును చేరగలవు.

మొక్కల నుండి వీనిని సాధారణముగా ఆవిరితో తీయుదురు. నీలగిరి తైలములో ముఖ్యమైన పదార్థము సినియోల్. ఇది మరుగు ఉష్ణోగ్రత 176 సెంటిగ్రేడు డిగ్రీలు. అయినను ఆకులలోనికి నీటి ఆవిరిని పంపినచో 100 డిగ్రీలకు లోపుననే తైలము ఆవిరితో కలిసి బయటకు వచ్చును. ఒకదానిలో ఒకటి కలియని రెండు ద్రవములు కలిసి మరుగునప్పుడు, వాని బాష్పపీడనముల మొత్తము వాతావరణ పీడనముతో సమానమైన చాలును. భౌతిక శాస్త్ర తరగతిలో చెప్పుకొను ఈ సూత్రమే తైలపు బట్టీలలో పని చేయుచున్నది. ఆవిరిని చల్లార్చినచో నీరు క్రిందను, తైలము సాధారణముగా పైనను తేలును. దిగుబడి మాత్రము స్వల్పము. ఒక కిలో గులాబీ తైలమునకు సుమారు 3 వేల నుండి 4 వేల కిలోల పూలరేకులు కావలెను.

ఈ తైలములలోని అణువులలో అనేకము టెర్పీనులు అను కుటుంబమునకు చెందినవి. ఆ కుటుంబపు నిర్మాణమును విప్పి చూపిన జర్మను రసాయనికుడు ఆటో వాలాక్‌కు 1910లో నోబెల్ బహుమానము లభించినది. ఇక్కడ ఒక చక్కని విశేషము ఉన్నది. నీలగిరి తైలములోను, రోజ్‌మేరీ తైలములోను ఉండు సినియోల్ అణువులో 10 కర్బన పరమాణువులు, 18 ఉదజని పరమాణువులు, 1 ఆమ్లజని పరమాణువు ఉన్నవి. లావెండర్ పూల తైలములోని లినలూల్ అణువులో కూడ సరిగా అన్నియే ఉన్నవి. కూర్పు మాత్రము వేరు. లినలూల్ తెరచిన గొలుసు వంటిది. సినియోల్ బుట్టవలె ముడుచుకొన్నది. ఒకే ఇటుకలతో రెండు వేర్వేరు ఇండ్లు కట్టినట్లు, ఒకే పరమాణువులతో రెండు వేర్వేరు వాసనలు ఏర్పడినవి. మొదటిది మేల్కొలుపునని, రెండవది నిద్రపుచ్చునని వాడుక.

ముక్కు నుండి మెదడునకు

మన ముక్కులో పై భాగమున కొలది చదరపు సెంటిమీటర్ల పొరలో లక్షల కొలది ఘ్రాణ నాడీకణములు ఉన్నవి. ఒక్కొక్క కణముపై సాధారణముగా ఒక్కొక్క తరహా గ్రాహకము ఉండును. మానవులలో పని చేయు ఇట్టి గ్రాహకములు సుమారు 400 రకములు. లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ అను అమెరికను శాస్త్రజ్ఞులు వీని జన్యువుల కుటుంబమును 1991లో వెల్లడించి, 2004లో నోబెల్ బహుమానమును పొందినారు. ఒక్కొక్క వాసన కొన్ని గ్రాహకములను కలిపి మీటును. హార్మోనియముపై కొన్ని మెట్లను ఒకేసారి నొక్కినప్పుడు ఒక ప్రత్యేక నాదము పలికినట్లు, ఆ గ్రాహకముల కలయికను బట్టి మెదడు వాసనను గుర్తించును.

చూపు, వినికిడి, స్పర్శల వార్తలు మెదడులోని థాలమస్ అను కేంద్రము మీదుగా పై భాగములకు చేరును. వాసన వార్త మాత్రము ఆ మజిలీలో ఆగకుండ ఘ్రాణకందమునకును, అటనుండి ఉద్వేగములకు సంబంధించిన అమిగ్డలా మొదలైన భాగములకును పోవును. జ్ఞాపకములను కూర్చు హిప్పోకాంపస్ కూడ ఈ దారికి చేరువలోనే ఉన్నది. తొలకరి మట్టి వాసన సోకగానే చిన్ననాటి వాకిలి కన్నులకు కట్టుటలో ఆశ్చర్యము లేదు.

రెండవ మార్గము కూడ ఉన్నది. పీల్చిన ఆవిరిలో కొంత భాగము ఊపిరితిత్తుల ద్వారా రక్తములో కలియును. ఈ అణువులు చిన్నవి, క్రొవ్వులో కరగునవి. కావున రక్తమునకు, మెదడునకు మధ్య నున్న అడ్డుగోడను దాటగలవు.

కాబట్టి మొదటి ప్రశ్నకు సమాధానము స్పష్టమే. వాసన మెదడును చేరును. అయితే చేరినంత మాత్రమున బుద్ధి వికసించునని చెప్పరాదు.

అనిపించుట, అగుట

ఈ భేదమును మెంథాల్ చక్కగా బోధించుచున్నది. పడిసెము పట్టినప్పుడు మెంథాల్ వాసన చూచినచో ముక్కు తెరచుకొన్నట్లు, తల తేలికైనట్లు తోచును. వేల్స్‌లోని కార్డిఫ్‌కు చెందిన పరిశోధకులు 1983లో కర్పూరము, నీలగిరి తైలము, మెంథాల్‌ల ఆవిరిని కొందరిచే పీల్పించి, ముక్కులో గాలి ప్రవాహమునకు గల నిరోధమును పరికరములతో కొలిచినారు. గాలి బాగుగా ఆడుచున్నదని అనేకులు చెప్పినారు. పరికరములలో మాత్రము నిరోధము మారలేదు!

దీనికి కారణము తరువాత తెలిసినది. డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌ల బృందములు 2002లో వేర్వేరుగా ఒక గ్రాహకమును కనుగొన్నవి. చలిని గుర్తించు నాడులపై ఉండు ఆ గ్రాహకమును మెంథాల్ కూడ మీటును. చల్లని గాలి లేకున్నను చల్లగాలి వచ్చినదని మెదడునకు వార్త పోవును. ముక్కు తెరచుకొన్నట్లు అనిపించుట నిజమే. తెరచుకొనుట మాత్రము నిజము కాదు. మనస్సు తేటపడుటను గూర్చి కూడ ఇదే ప్రశ్న వేయవలెను. తేటపడినట్లు అనిపించినదా, తేటపడినదా?

జ్ఞాపకశక్తిపై ప్రయోగములు

పరిమళములతో చికిత్సకు అరోమాథెరపీ అను పేరును ప్రచారములోనికి తెచ్చినది రెనే మారిస్ గట్‌ఫోసే అను ఫ్రెంచి రసాయనికుడు 1937లో వ్రాసిన గ్రంథము. జ్ఞాపకశక్తిని కొలిచి చూచిన ప్రయోగములు చాలకాలము తరువాత వచ్చినవి.

ఇంగ్లండులోని నార్తంబ్రియా విశ్వవిద్యాలయములో మార్క్ మాస్ బృందము 2003లో ప్రకటించిన ప్రయోగములో 144 మంది పాల్గొన్నారు. వారిలో కొందరు రోజ్‌మేరీ పరిమళము నిండిన గదులలోను, కొందరు లావెండర్ గదులలోను, మిగిలినవారు ఏ వాసనయు లేని గదులలోను పరీక్షలు వ్రాసినారు. అసలు ఉద్దేశమును వారికి ముందుగా చెప్పలేదు. రోజ్‌మేరీ గదులలోని వారి జ్ఞాపకపు నాణ్యము కొంత మెరుగుగా ఉన్నది. కాని గుర్తు తెచ్చుకొను వేగము తగ్గినది! లావెండర్ గదులలోని వారు కొన్ని పరీక్షలలో వెనుకబడినారు. ఇదే విశ్వవిద్యాలయములో 2012లో 20 మందితో జరిగిన మరియొక ప్రయోగములో, రక్తములో సినియోల్ ఎక్కువగా ఉన్నవారు కొన్ని లెక్కలలో మెరుగుగా రాణించినారు.

ఈ ఫలితములు ఆసక్తికరమైనవి. అయితే ఇరువది మంది చాల తక్కువ. రెండు విషయములు కలిసి కనిపించినంత మాత్రమున ఒకటి రెండవదానికి కారణమని రుజువు కాదు. పైగా పరీక్షలు జరిగినది కొలది నిమిషముల సేపు. సంవత్సరమంతయు చదివిన పాఠమును గూర్చి అవి ఏమియు చెప్పవు.

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఫ్రాంక్ షాబ్ 1990లో మరియొక కోణము చూపినాడు. చాక్లెట్ వాసనలో మాటలు నేర్చినవారికి, మరునాడు మరల అదే వాసనలో అడిగినప్పుడు, ఎక్కువ మాటలు గుర్తునకు వచ్చినవి. ఇది చాక్లెట్ మహిమ కాదు. నేర్చునాటి పరిసరము మరల ఎదురైనప్పుడు జ్ఞాపకమునకు ఒక పట్టు దొరకును. ఆ లెక్కన పరీక్ష హాలులో కూడ అదే వాసన ఉండవలెను గదా!

నమ్మకము చేయు పని

మందుల పరీక్షలో అసలు మాత్రకు బదులు చక్కెర మాత్ర ఇచ్చి పోల్చవచ్చును. వాసనతో ఈ ఉపాయము పారదు. వాసన ఉన్నదో లేదో పీల్చినవానికి వెంటనే తెలిసిపోవును. అందువలన నమ్మకమును వేరుచేయుట కష్టము.

నమ్మకమునకు ఎంత బలమున్నదో 1899లో ఇ. ఇ. స్లాసన్ అను అమెరికను అధ్యాపకుడు తన ఉపన్యాసశాలలోనే చూపినాడు. ఒక సీసాలోని ద్రవమును దూదిపై పోసి, దాని వాసన సోకినవారు చేతులెత్తుడని చెప్పినాడు. 15 సెకండ్లలో ముందు వరుసలోని వారు చాలమంది చేతులెత్తినారు. 40 సెకండ్లలో "వాసన" వెనుక గోడ వరకు ప్రాకినది. సుమారు నాలుగింట మూడు వంతుల మంది దానిని గుర్తించినామన్నారు. ముందు వరుసలో కొందరికి వికారము పుట్టుటచే ప్రయోగమును ఆపవలసి వచ్చినది. ఆ సీసాలో నున్నది మంచినీరు!

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చేసి చూపవచ్చును. మరియొక ప్రయోగము కూడ సులభమే. తరగతిని చీట్లు వేసి రెండు భాగములు చేయుడు. ఇరువురికిని వేర్వేరు గదులలో ఒకే నిమ్మతొక్క వాసన చూపుడు. ఒక గదిలో ఇది బుద్ధిని చురుకు చేయునని, రెండవ గదిలో ఇది మగతను కలిగించునని చెప్పుడు. తరువాత 1000 నుండి వరుసగా 7 తీసివేయుచు రెండు నిమిషములు వ్రాయమనుడు. ఎవరు ఎన్ని సరిగా వ్రాసిరో, ఎవరికి ఎంత చురుకుగా అనిపించెనో వేర్వేరుగా లెక్కించుడు. ఈ రెండు లెక్కలును ఒకటిగా ఉన్నవా, లేదా అనునది విద్యార్థులే చూచుకొందురు. ముగిసిన పిమ్మట నిజము తప్పక చెప్పుడు.

జాగ్రత్తలు, నిజమైన ఉపయోగము

వాసన చూచుట వేరు, మ్రింగుట వేరు. నీలగిరి తైలము కొలది మిల్లీలీటర్లు మ్రింగినను పిల్లలకు అపాయము కలుగవచ్చును. కర్పూరము మ్రింగిన పిల్లలకు మూర్ఛలు వచ్చిన సంగతి వైద్యులు ఎరిగినదే. పసిపిల్లల ముక్కు దగ్గర మెంథాల్ పూయరాదు. ఉబ్బసము, మూర్ఛ ఉన్నవారు వైద్యుని అడుగక ఘాటైన తైలములను వాడరాదు.

పరిమళము వలన నిజమైన మేలు కనిపించిన సందర్భము కూడ ఒకటున్నది. జర్మనీలో థామస్ హుమ్మెల్ బృందము 2009లో, వాసన శక్తిని కోల్పోయిన వారిచే గులాబీ, నీలగిరి, నిమ్మ, లవంగముల వాసనలను రోజుకు రెండుసార్లు, 12 వారముల పాటు శ్రద్ధగా పీల్పించినది. వారిలో కొందరికి వాసన శక్తి మెరుగుపడినది. 2020 తరువాత కోవిడ్ వలన వాసన తెలియక బాధపడిన వారికి కూడ ఈ అభ్యాసమును వైద్యులు సూచించినారు. ఇక్కడ ముఖ్యమైనది సీసా కాదు, పట్టు విడువని అభ్యాసము.

నా విద్యార్థిని "రాత్రి ఎన్ని గంటలు నిద్రపోవుచున్నావు?" అని అడిగితిని. నాలుగన్నాడు. పగలు చదివినది మెదడులో కుదురుకొనుటకు నిద్ర అవసరమని అనేక ప్రయోగములు చూపినవి. సీసా పారవేయమని నేను చెప్పలేదు. ఆ వాసన అతనికి ఇష్టమైనచో చదువుకొను బల్లపై ఉండనిమ్మంటిని. కాని మరి రెండు గంటలు నిద్రపొమ్మని, పుస్తకము మూసి చదివినదానిని తనకు తానే ఒకసారి అప్పగించుకొమ్మని చెప్పితిని. అతడు సీసాకు మూత బిగించి జేబులో వేసికొని, "అయితే ఈ రాత్రి పదింటికే పడుకొంటానండీ" అని వెళ్ళినాడు.