అభిశంసన, తొలగింపు: మన్ననూర్ నేపథ్యంలో ఒక పరిశీలన

నల్లమలలోని మన్ననూర్ చెంచుల సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థకు కేంద్రం. అక్కడి ప్రాజెక్టు అధికారినిగానీ, గ్రామ సర్పంచ్‌నుగానీ అభిశంసించే విధానం లేదు. రాజ్యాంగపరంగా 'అభిశంసన' 61వ అధికరణం కింద రాష్ట్రపతికే వర్తిస్తుంది. 124వ అధికరణం కింద న్యాయమూర్తుల తొలగింపును వాడుకలో అలా వ్యవహరిస్తారు.

ప్రభుత్వోద్యోగి తొలగింపునకు 311వ అధికరణం సాధారణంగా విచారణను తప్పనిసరి చేసింది. సర్పంచ్‌ను మాత్రం 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 37వ సెక్షన్ కింద, వివరణకు అవకాశమిచ్చి, జిల్లా కలెక్టరే తొలగించవచ్చు.

ఉన్నత పదవుల్లో పరిస్థితి ఇందుకు భిన్నం. 1992లో జస్టిస్ వి. రామస్వామిపై పలు ఆరోపణలు రుజువైనట్లు విచారణ సంఘం తేల్చింది. అయినా 1993లో లోక్‌సభలో తీర్మానానికి అనుకూలంగా 196 ఓట్లే వచ్చాయి. 205 మంది ఓటింగ్‌కు దూరంగా ఉన్నారు. తీర్మానం వీగిపోయింది.

అంటే పైస్థాయిలో రుజువు సైతం చాలలేదు. గ్రామంలో ఓటర్లు ఎన్నుకున్న వ్యక్తి పదవి ఒక్క అధికారి నిర్ణయానికి లోబడి ఉంది. విధానపరమైన విభేదం తొలగింపునకు కారణం కారాదు. తీవ్రమైన అధికార దుర్వినియోగం స్వతంత్ర విచారణలో రుజువైనప్పుడే ఆ చర్య న్యాయసమ్మతం. సర్పంచ్ విషయంలో గ్రామసభ అభిప్రాయానికీ ఆ విచారణలో స్థానం ఉండాలి.