మ్యూజియం కొలువుకు ఏ చదువు?

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో ఒక ఈజిప్టు మమ్మీ ఉంది. అది పాడవుతుండటంతో 2016లో ఆక్సిజన్ లేని గాజుపెట్టెలోకి మార్చారు. ఆ పని వెనక ఉన్నది రసాయన శాస్త్రం. చూడవచ్చిన బడిపిల్లలకు ఆ మమ్మీ కథ అర్థమయ్యేలా చెప్పడం మరో విద్య. మ్యూజియం కోర్సు చదవాలనుకునేవారు ముందు తేల్చుకోవలసింది ఇదే: వస్తువును కాపాడటమా, దాన్ని జనానికి చేరువ చేయడమా?

మన దేశంలో ఈ చదువుకు పాత చిరునామా బరోడా. అక్కడి ఎం.ఎస్. విశ్వవిద్యాలయంలో మ్యూజియాలజీ (మ్యూజియం నిర్వహణ విద్య) విభాగం 1952లోనే మొదలైంది. కలకత్తా విశ్వవిద్యాలయం 1959లో ఆ బాట పట్టింది. 1989లో ఢిల్లీలో ఏర్పడిన నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్ కళాచరిత్ర, కన్జర్వేషన్ (వస్తువులను కాపాడే విద్య), మ్యూజియాలజీలను విడివిడి పీజీ కోర్సులుగా నేర్పింది.

కన్జర్వేషన్‌కు సైన్సు పునాది బాగా పనికొస్తుంది. చరిత్ర, పురావస్తు శాస్త్రం, ఫైన్ ఆర్ట్స్ చదివినవారికి మ్యూజియాలజీ నప్పుతుంది.

కాలేజీ పేరు చూసి మాత్రం చేరిపోకూడదు. ల్యాబ్ ఉందా, ఇంటర్న్‌షిప్ ఏ మ్యూజియంలో, ఎన్ని వారాలు అన్నది ఆరా తీయాలి. తాళపత్రాన్ని స్వయంగా పట్టుకుని, పురుగు తొలిచిన రంధ్రాలు గమనించి, కొలతలు తీసి, రిజిస్టర్లో నంబరు వేసిన విద్యార్థికి దొరికే పట్టు వట్టి పాఠాలతో దొరకదు. వీలైతే చేరకముందే పాత విద్యార్థులతో మాట్లాడి, వారిప్పుడు ఎక్కడ ఏ పని చేస్తున్నారో తెలుసుకోవాలి.