బిగిస్తే కూర్చున్నట్టు కాదు



మాది యానాం ఫరంపేట. మా నాన్నగారికి కింది దవడలో పళ్ళన్నీ పోయాక నాలుగు ఇంప్లాంట్లు వేయించి, వాటిమీద ఒకే లోహపు చట్రంతో పళ్ళ వరుస పెట్టించాం. ఏడాది తిరగకముందే ఒక స్క్రూ వదులైంది. బిగించారు. మళ్ళీ వదులైంది. మూడోసారి విరిగింది. వేరే డాక్టరుగారికి చూపిస్తే, "ఇంప్లాంట్లు గట్టిగానే ఉన్నాయి మాస్టారూ, చట్రమే సరిగా కూర్చోలేదు. అచ్చు తీసిన రోజే తేడా వచ్చింది" అన్నారు. ఆ మాటే ఇవాళ విడమరచి చెప్పుకుందాం.

ఇంప్లాంట్ అంటే దవడ ఎముకలో అమర్చే టైటానియం మర. టైటానియం ఎముకతో కలిసిపోతుందని గుర్తించిన స్వీడన్ శాస్త్రజ్ఞుడు బ్రోనెమార్క్ 1965లో మొదటిసారి ఒక రోగికి దాన్ని అమర్చారు.

సహజమైన పన్ను రేవులో తాడుతో కట్టిన పడవ లాంటిది. వేరు చుట్టూ ఉన్న నారపొర వల్ల రవ్వంత కదులుతుంది. ఇంప్లాంట్‌కు ఆ పొర లేదు. అది కాంక్రీటులో పాతిన గుంజ. నాలుగు గుంజల మీద ఇనుప చట్రం పెడుతున్నామనుకోండి. ఒక రంధ్రం కాస్త పక్కకు పోయినా, బోల్టు వేసి లాగితే కూర్చున్నట్టే కనబడుతుంది. కాని ఆ లాగుడు లోపలే ఉండిపోతుంది. రోజూ నమిలే బరువు దానికి తోడై బోల్టును వదులు చేస్తుంది, విరుస్తుంది.

మరి అచ్చు ఎలా తీస్తారు? ముందు ఇంప్లాంట్లకు కొలత పోస్టులు బిగిస్తారు. మూసిన ట్రే పద్ధతిలో, అచ్చు బయటికి తీశాక పోస్టులు విప్పి మళ్ళీ అచ్చులో గుచ్చుతారు. సులువే, కాని గుచ్చేటప్పుడు ఒరిగే ప్రమాదం ఉంది. తెరిచిన ట్రేకి పైన రంధ్రాలుంటాయి. వాటిలోంచి స్క్రూలు విప్పితే పోస్టులు అచ్చుతోనే వస్తాయి. ఇంకా జాగ్రత్తపడేవారు పోస్టులన్నిటినీ ముందే రెజిన్‌తో కలిపి కడతారు. రెజిన్ గట్టిపడేటప్పుడు కుదించుకుంటుంది కనుక దాన్ని మధ్యలో కోసి, మళ్ళీ కొద్దిగా వేసి అతుకుతారు.

రెండు మూడు ఇంప్లాంట్లకైతే ఈ పద్ధతుల మధ్య తేడా తక్కువేనని, నాలుగు, అంతకు మించి ఉంటే తెరిచిన ట్రే, కలిపి కట్టిన పోస్టులు మేలని చాలా పరిశోధనలు చెబుతున్నాయి. ఇప్పుడు నోట్లోనే ఫొటోలు తీసే స్కానర్లు వచ్చాయి. కొద్ది మేరకు బాగా పనిచేస్తాయి. పళ్ళు లేని దవడ మొత్తానికైతే, చిన్న స్కేలుతో పొలం కొలిచినట్టు, చిన్న తప్పులు కలిసి పెద్దవి కావచ్చు.

కూర్చున్నదో లేదో తెలుసుకోవడానికి డాక్టర్లు ఒక చివర స్క్రూ మాత్రమే బిగించి, రెండో చివర లేస్తోందా అని చూస్తారు. ఎక్స్‌రే తీస్తారు. లేస్తే చట్రాన్ని కోసి అతకాలి, లేదా మళ్ళీ అచ్చు తీయాలి.

ఇక్కడ మా తప్పు కూడా చెప్పాలి. యానాం వాళ్ళం కాకినాడకో రాజమండ్రికో వెళ్ళి చూపించుకుంటాం. ఆ మొదటిసారి, అచ్చు తీస్తుంటే "బస్సు వేళయింది, త్వరగా కానివ్వండి" అని తొందరపెట్టింది నేనే. రెండోసారి నోరు మూసుకుని కూర్చున్నాను. నాన్నగారు నోరు తెరుచుకుని కూర్చున్నారు. ఒకటికి రెండుసార్లు అచ్చు తీసినా ఏమీ అనలేదు.

కనుక శ్రోతలారా, చట్రం బిగించే ముందు "ఒక స్క్రూతో పరీక్షించారా?" అని అడగండి. అచ్చు తీసే రోజున మాత్రం ఇంటికి వెళ్ళే బస్సు గురించి ఆలోచించకండి.