పైలట్లు విమానం పక్కనే ఎందుకు కాచుకుని ఉంటారు?

యుద్ధమంటే రోజంతా ఆకాశంలో పోరాటమే అనుకుంటాం. నిజానికి ఫైటర్ పైలట్ రోజులో ఎక్కువ భాగం ఎదురుచూపే. 1971 డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధం జరుగుతున్నప్పుడు శ్రీనగర్‌లో ఉన్న మన వాయుసేన 18వ స్క్వాడ్రన్ సంగతి చూడండి. వాళ్లవి నాట్ అనే బుల్లి జెట్ విమానాలు. ఇంధనం, ఫిరంగుల్లో గుళ్లు సిద్ధం. పైలట్లు ఫ్లయింగ్ సూట్‌లోనే ఉండి టీ తాగాలి, కబుర్లూ చెప్పుకోవాలి.

ఎందుకంత తొందర? రాడార్ తరంగాలు సూటిగా పోతాయి. కొండల చాటున తక్కువ ఎత్తులో వచ్చే విమానం వాటికి చిక్కదు. అందుకే అప్పట్లో కొండల మీద మనుషులు కాపలా ఉండి, కంటికి కనబడగానే వైర్‌లెస్‌లో కబురు చెప్పేవారు. గంటకు 800 కిలోమీటర్ల వేగమంటే నిమిషానికి 13 కిలోమీటర్లు! కబురు అందాక బూట్లు వెతుక్కునే తీరిక ఉండదు.

కబురు అందగానే పైలట్లు జంటగా ఎగురుతారు. మరి జంటగానే ఎందుకు? ఒకరు దాడి చేస్తుంటే రెండోవారు వెనక కాపు కాయాలి. డిసెంబరు 14న పాకిస్తాన్ సేబర్ విమానాలు ఆరు వచ్చాయి. మొదటి నాట్ లేపిన దుమ్ము వల్ల రెండోది కాసేపు ఆగాల్సి వచ్చింది. అందులో ఉన్నది నిర్మల్‌జీత్ సింగ్ సెఖోన్. రన్‌వే మీద బాంబులు పడుతుంటే పైకి లేచి, ఒంటరిగా పోరాడి ప్రాణాలు అర్పించాడు. ఇప్పటివరకు వాయుసేనలో పరమవీర చక్ర అందుకున్నది ఆయనొక్కడే.