మ్యాజిక్ పెట్టెలో ఏముంది? పిల్లల షోకి ముందు అమ్మానాన్నలు, మెజీషియన్లు చూసుకోవాల్సినవి

స్కూల్ యాన్యువల్ డే, ఈద్ మిలాప్, అఖీఖా దావత్, పుట్టినరోజు చేసుకునే ఇళ్లలో పుట్టినరోజు... పిల్లలు ఎక్కువమంది చేరే చోట మ్యాజిక్ షో పెట్టడం మామూలైపోయింది. అరగంట, నలభై నిమిషాల్లో అయిపోతుంది. పిల్లలు అల్లరి మాని ఒకచోట కూర్చుంటారు. వారాంతాల్లో ఇలాంటి షోలు చేసి నాలుగు రూపాయలు సంపాదించుకునే కుర్రాళ్లకూ ఇదొక ఆధారం.

అయితే షో ఎంతకు మాట్లాడుకున్నాం, ఎన్ని ఐటమ్స్ చేస్తాడు అని అడిగే ఇంటివాళ్లు, ఆయన తెచ్చే పెట్టెలో ఏముందో అడగరు. ఆ పెట్టెలోని రుమాళ్లు, బంతులు, తాళ్లు, గిన్నెలు ఒక్కో షోలో పదిమంది పిల్లల చేతుల్లోకి వెళ్తాయి. కొన్ని నోట్లోకీ వెళ్తాయి. ఆ సామాను ఎంత శుభ్రంగా ఉంది, ఎంత భద్రంగా ఉంది, దాన్ని ఏమని చెప్పి చూపిస్తున్నారు అన్నవి చిన్న విషయాలు కావు.

జాదూనా? చేతి నేర్పా?

ముస్లిం ఇళ్లలో ముందుగా వచ్చే ప్రశ్న ఇదే. సిహ్ర్, అంటే చేతబడి లాంటి జాదూ, హరామ్ అనడంలో ఉలమాల మధ్య రెండో మాట లేదు. ఎవరినీ మోసం చేయకుండా, ఏ శక్తీ ఉందని చెప్పుకోకుండా, చేతి నేర్పుతో చేసే వినోదం విషయంలో మాత్రం అభిప్రాయాలు వేరువేరుగా ఉన్నాయి. కొందరు వద్దంటారు, కొందరు షరతులతో సరేనంటారు. సందేహం ఉన్నవాళ్లు తమకు నమ్మకమైన ఆలిమ్‌ని అడిగి తెలుసుకోవడం మంచిది.

తెలుగులో దీనికి ఉన్న పాత పేరు కనికట్టు. అంటే కళ్లను కట్టేయడం. మూసా అలైహిస్సలాం ఎదుట ఫిరౌను మాంత్రికులు తాళ్లు, కర్రలు వేసినప్పుడు జనం కళ్లను మాయ చేశారని ఖుర్ఆన్‌లో అల్-ఆరాఫ్ సూరా 116వ ఆయత్ చెబుతుంది. అవి కదులుతున్నట్టు ఆయనకు అనిపించిందని తాహా సూరా 66వ ఆయత్‌లో ఉంది. ఆ మాంత్రికులు జనాన్ని భయపెట్టడానికి, ఫిరౌను దగ్గర బహుమానం కొట్టేయడానికి ఆ పని చేశారు. పిల్లల ముందు నిలబడే మెజీషియన్ ఉద్దేశం అది కాదని అతని మాటలోనే తెలియాలి. 'ఇది చేతి పని, ప్రాక్టీస్ చేస్తే మీకూ వస్తుంది' అని మొదటి నిమిషంలోనే చెప్పేస్తే సగం పేచీ అక్కడే తీరిపోతుంది. అలా చెప్పినంత మాత్రాన పిల్లల ఆనందం తగ్గదు. కిటుకు ఏంటో కనిపెట్టాలని ఇంకాస్త కళ్లు పెద్దవి చేసుకుని చూస్తారు.

సామాను రెండు రకాలు

పిల్లల షోలో వాడే సామానులో కొన్ని ఏళ్ల తరబడి ఉంటాయి. లోహపు రింగులు, డవ్ పాన్ అనే మూత గిన్నె, రంగులు మార్చే ఛేంజ్ బ్యాగ్, మ్యాజిక్ కలరింగ్ పుస్తకం, ముక్కలైపోయే మంత్రదండం ఈ రకం. తాడు, కాగితం, బెలూన్లు, చాక్లెట్లు షో షోకీ అయిపోతాయి.

షోలు చేసేవాళ్లలో చాలామంది రెండో రకం ఖర్చే లెక్క వేసుకుంటారు. మొదటి రకం కూడా అరుగుతుంది కదా! ఉదాహరణకు 2,400 రూపాయల బ్యాగ్ 120 షోలకు పనికొస్తుందనుకుంటే, ఒక్కో షోకి 20 రూపాయలు పక్కన పెట్టాలి. కోసి కలిపే తాడు ఐటమ్‌కి షోకి మీటరున్నర పోతుందనుకుంటే, నెలలో 8 షోలకు 12 మీటర్లు కావాలి. ఈ లెక్క లేకపోతే పాత సామాను మార్చడానికి చేతిలో డబ్బు ఉండదు. పెచ్చులూడిన రంగు, చిరిగిన గుడ్డ, ముక్కలు రాలే స్పాంజితోనే షోలు నడుస్తాయి. దాని ఫలితం పిల్లల మీద పడుతుంది.

ఏది ఎలా చూసుకోవాలి?

పట్టు రుమాళ్లు: మ్యాజిక్‌లో వాడే రుమాళ్లు చాలా పల్చటి పట్టు. గుప్పిట్లో ఇమిడిపోయి, వదలగానే విచ్చుకోవాలి. చల్లటి నీళ్లలో కొద్దిగా షాంపూ వేసి చేత్తోనే ఉతకాలి. ఎరుపు, ఆకుపచ్చ లాంటి ముదురు రంగులు దిగుతాయి కాబట్టి విడివిడిగా తడపాలి. పిండకుండా, టవల్‌లో చుట్టి నొక్కి, కాస్త తడి ఉండగానే తక్కువ వేడి మీద ఇస్త్రీ చేయాలి. ముడులు వేసి వదిలేస్తే ఆ మడతలు పోవు. షో అయ్యాక ముడులు విప్పి పెట్టాలి.

స్పాంజి బంతులు: పిల్లల గుప్పిట్లో పెట్టేవి ఇవే కాబట్టి ముందు మురికయ్యేవీ ఇవే. గోరువెచ్చని నీళ్లలో సబ్బుతో నొక్కి నొక్కి కడిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టాలి. తడిగా డబ్బాలో పెడితే వాసన వస్తుంది. పాతబడిన స్పాంజి వేళ్లకు పొడిలా అంటుకుంటుంది. అప్పుడు కడగడం వల్ల లాభం లేదు, పారేయాల్సిందే. చిన్న ముక్క ఊడినా నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు ప్రమాదం.

తాడు: మెత్తటి నూలు తాడు తీసుకుని, లోపలి పోగులు లాగేస్తే ఇంకా మెత్తగా వస్తుంది. మాసిన తాడు దూరం నుంచి కూడా కనిపిస్తుంది. పిల్లల మెడకు తాడు వేసే ఐటమ్స్ అసలు వద్దు. చూసిన పిల్లలు ఇంటికెళ్లి తమ్ముడి మీదో చెల్లి మీదో అదే ప్రయత్నిస్తారు.

రింగులు: చేతి చెమట వల్ల మెరుపు పోతుంది, తుప్పు మచ్చలు వస్తాయి. షో అవ్వగానే పొడి గుడ్డతో తుడిచి, ఒకదానికొకటి రాసుకోకుండా మధ్యలో గుడ్డ పెట్టి సంచిలో సర్దాలి. గీతలు పడి అంచు గరుకైన రింగును పిల్లల చేతికి ఇవ్వకూడదు.

నీళ్ల చెంబు: ఎన్నిసార్లు వంచినా మళ్లీ నీళ్లు వచ్చే చెంబు మన దేశపు ఐటమ్. పి.సి. సర్కార్ (1913-1971) తన ప్రదర్శనలో దీన్ని 'వాటర్ ఆఫ్ ఇండియా' పేరుతో మళ్లీ మళ్లీ చేసేవారు. దీంట్లో నీళ్లు నిలవ ఉండిపోతే లోపల పాచి పడుతుంది. షో అవ్వగానే ఖాళీ చేసి, బోర్లించి ఆరబెట్టాలి. తాగే నీళ్లే పోయాలి. ఎందుకంటే ముందు వరసలో కూర్చున్న పిల్లల్లో ఒకరైనా గ్లాసు పట్టి తాగుతారు. చాక్లెట్లు, బిస్కెట్లు పుట్టించే డవ్ పాన్ సంగతీ అంతే. తినేవి తీసే గిన్నెలో పక్షులను, నిప్పును వాడకూడదు. తినేవాటిని ప్యాకెట్లలోనే పెట్టాలి.

కార్డులు, పుస్తకాలు: వానాకాలంలో, అందులోనూ విశాఖ, మచిలీపట్నం లాంటి తీరప్రాంతాల్లో, తేమకు కాగితం ఉబ్బి వంకర పోతుంది. బూట్ల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు పెట్టెలో వేస్తే కొంత కాపాడతాయి. కానీ అవి పిల్లలకు అందకూడదు. ఇంకో మాట. పేకముక్కలు చూడగానే జూదం గుర్తొచ్చే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. జంతువుల బొమ్మలు, అలిఫ్-బే అక్షరాలు ఉన్న కార్డులతోనూ అవే ఐటమ్స్ చేయవచ్చు. చిన్న పిల్లలకు కూడా పేకముక్కల కంటే అవే బాగా అర్థమవుతాయి.

పెట్టెలో ఉండకూడనివి, ఉంటే తాళం వేయాల్సినవి

వేలి చివర ఎర్రగా వెలిగే లైటు పిల్లల షోలలో బాగా కనిపిస్తోంది. దాంట్లో ఉండేది బటన్ బ్యాటరీ. పిల్లలు మింగితే అది అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే తీవ్రంగా కాల్చేస్తుంది. స్క్రూతో బిగించిన మూత లేని లైటు వాడకూడదు, పిల్లల చేతికి ఇవ్వకూడదు. మింగారన్న అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

చిన్న బలమైన అయస్కాంతాలు కూడా అంతే ప్రమాదం. రెండు మింగితే పేగుల మధ్య ఒకదానినొకటి లాక్కుని పేగుకు రంధ్రం చేస్తాయి. సామాను లోపల అంటించిన అయస్కాంతం ఊడివస్తోందేమో ప్రతి షోకి ముందు వేలితో కదిపి చూడాలి.

పగిలిన బెలూన్ ముక్కలు గొంతుకు అడ్డం పడతాయి. ఎనిమిదేళ్ల లోపు పిల్లలు ఉన్న చోట పగలగానే ఏరేయాలి. డబ్బా మూత తీస్తే ఎగిరిపడే స్ప్రింగ్ పాము నవ్వు పుట్టిస్తుంది కానీ, ముఖం దగ్గర తెరిస్తే కంటికి తగులుతుంది. భగ్గున మండే ఫ్లాష్ పేపర్ నైట్రోసెల్యులోజ్. పూర్తిగా ఎండితే చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. జంఖానా మీద పిల్లలు, చుట్టూ దుపట్టాలు, షామియానా గుడ్డలు ఉన్న చోట దానికి స్థానం లేదు.

పావురాలు, కుందేళ్ల గురించి కూడా అడగాలి. జంతువులతో ప్రదర్శన ఇవ్వాలంటే 2001 నాటి పెర్ఫార్మింగ్ యానిమల్స్ రూల్స్ ప్రకారం యానిమల్ వెల్ఫేర్ బోర్డు దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. మన చిలుకలను, పాములను పెట్టుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బొమ్మ కుందేలుతో చేసినా పిల్లలు అంతే నవ్వుతారు.

చూపించే పద్ధతి

సామాను ఎంత మంచిదైనా సర్దడంలో తేడా వస్తే షో పాడవుతుంది. మొదట చేసే ఐటమ్ పైన, చివరిది అడుగున పెట్టుకుంటే వెతుక్కునే పని ఉండదు. అన్నీ ఒక కాగితం మీద రాసి మూతకు అంటించుకుంటే, షో తర్వాత లెక్క చూసుకోవడం తేలిక. నాలుగు బంతులు తీసుకెళ్లి మూడే వెనక్కి వస్తే, నాలుగోది ఏ పిల్లాడి జేబులో ఉందో, నోట్లో ఉందో వెంటనే చూడాలి.

మేజా గోడకు ఆనుకుని ఉండాలి. వెనకవైపు, పక్కలకు పిల్లలు కూర్చోకూడదు. మొదటి వరసకు, మేజాకు మధ్య ఆరడుగుల జాగా వదిలితే సామాను మీదికి చేతులు రావు. కింద కూర్చున్న పిల్లలకు మేజా మీద ఉన్నవి కనిపించవు కాబట్టి ప్రతి వస్తువునూ ఛాతీ ఎత్తున పట్టుకుని చూపించాలి. సాయంత్రం షో అయితే అసర్‌కు, మగ్రిబ్‌కు మధ్య సరిపోయేలా పెట్టుకుంటే నమాజ్ వేళకు హడావిడి ఉండదు.

ఐదేళ్ల లోపు పిల్లలకు ఒక వస్తువు మాయమై ఇంకొకటి రావడమే పెద్ద సంగతి. రంగులు, రుమాళ్లు చాలు. ఆరు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లకు మెజీషియన్ తప్పు చేస్తే సంబరం. మంత్రదండం ముక్కలైపోవడం, 'వెనక ఉంది, వెనక ఉంది' అని అరవడం వాళ్ల ఆట. తొమ్మిది దాటినవాళ్లు వస్తువును పట్టుకుని పరీక్షిస్తామంటారు. వాళ్లకు తాడు, రింగుల్లాంటివి చేతికిచ్చి చూపించాలి.

స్టేజీ మీదికి పిలిచిన పిల్లాడిని ఎగతాళి చేయకూడదు. గెలుపు ఆ పిల్లాడిది కావాలి, చప్పట్లు అతనికే పడాలి. చెవి వెనక నుంచి నాణెం తీసే ముందు 'నీ చెవి దగ్గర చెయ్యి పెట్టనా?' అని అడగాలి. హిజాబ్ వేసుకున్న అమ్మాయిల దుపట్టా ముట్టుకునే ఐటమ్స్ మానేయాలి. దుఆలను, ఆయత్‌లను, ఏ మతం పవిత్ర పదాలనైనా మంత్రంలా వాడకూడదు. 'గిలి గిలి' లాంటి అర్థం లేని మాట చాలు. 'నా దగ్గర జిన్ ఉంది' అని సరదాకు కూడా అనకూడదు. రాత్రి ఆ పిల్లలను పడుకోబెట్టాల్సింది అమ్మీలే.

షో అయ్యాక

మ్యాజిక్ నచ్చిన పిల్లలు కిట్ కొనివ్వమంటారు. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో 14 ఏళ్ల లోపు పిల్లల ఆటవస్తువులపై ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. మార్కు లేని చవక కిట్ జోలికి వెళ్లొద్దు. మూడేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో చిన్న బంతులు, నాణేలు పైఅరలో పెట్టాలి.

దీనివల్ల ఇంకో మేలు కూడా ఉంది. నిమ్మకాయ కోస్తే రక్తం రావడం, కొబ్బరికాయ దానంతటదే మండటం లాంటివి చూపించి డబ్బు లాగే దొంగ బాబాలు, ఆమిల్‌లు అన్ని మతాల్లోనూ ఉన్నారు. వాళ్లు వాడేదీ సామానే. పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడుతుంది. పర్మాంగనేట్ మీద గ్లిజరిన్ పడితే మంట వస్తుంది. జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు ఊళ్లలో ఇలాంటివి చేసి చూపిస్తుంటారు. మంత్రాలతో, తాయెత్తులతో రోగాలు నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. 'ప్రతి వింత వెనకా ఒక కిటుకు, ఒక వస్తువు ఉంటుంది' అని చిన్నప్పుడే నవ్వుతూ నేర్చుకున్నవాళ్లు, పెద్దయ్యాక అలాంటివాళ్ల చేతిలో ఇంటి సొమ్ము పెట్టే ముందు ఒకసారి ఆలోచిస్తారు.

షో మాట్లాడుకునే ముందు అడగాల్సిన ఐదు ప్రశ్నలు

1. నిప్పు, ఫ్లాష్ పేపర్, కత్తులు, సూదులు వాడతారా?
2. పక్షులు, జంతువులు ఉన్నాయా? ఉంటే రిజిస్ట్రేషన్ ఉందా?
3. బ్యాటరీలు, అయస్కాంతాలు, చిన్న వస్తువులు పిల్లల చేతికి ఇస్తారా?
4. రుమాళ్లు, బంతులు చివరిసారి ఎప్పుడు ఉతికారు?
5. ఇది చేతి నేర్పు అని పిల్లలకు చెప్పి మొదలుపెడతారా?

పనిని గౌరవించే మెజీషియన్ ఈ ప్రశ్నలకు విసుక్కోడు. పెట్టె మూత తీసి చూపిస్తాడు. కిటుకు దాచుకోవడం అతని హక్కు. సామాను శుభ్రం, భద్రం గురించి తెలుసుకోవడం తల్లిదండ్రుల హక్కు.